లేవీయకాండము దగ్గర ఆగిపోయిన బైబిలు పఠనం

పర్లాకిమిడి నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం సారాంశం ఇది:

"అయ్యగారికి వందనాలు. మాది పాతపట్నం దగ్గర పల్లె. పెళ్లయి పర్లాకిమిడి వచ్చాను. బస్టాండు దగ్గర చిన్న టిఫిను కొట్టు నడుపుకొంటున్నాము. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తే పది దాటేదాకా ఊపిరి సలపదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, రోజుకు మూడు అధ్యాయాల చొప్పున ఏడాదిలో బైబిలంతా చదువుతానని తీర్మానం చేసుకొన్నాను. లేవీయకాండముకు వచ్చేసరికి తప్పిపోయాను. తప్పినవి పూడ్చుకోవాలని రాత్రిళ్లు ఎనిమిదేసి అధ్యాయాలు చదివితే ఏమి చదివానో నాకే తెలియలేదు. ఇప్పుడు ఆ పుస్తకం తెరవాలంటేనే భయంగా ఉంది. ఉదయం సంఘం గ్రూపులో వచ్చే వాగ్దాన వచనం చూస్తాను, పని చేసుకొంటూ ఫోనులో ప్రసంగాలు వింటాను. ఇది చాలదా? మాట తప్పానని దేవుడు కోపగించుకొంటాడా? పిల్లలిద్దరూ ఒడియా బడిలో చదువుతున్నారు, తెలుగు అక్షరాలు రావు. వారికి వాక్యం ఎలా నేర్పాలి? మా అత్తగారికి చదువు రాదు గాని కీర్తనలు చూడకుండా చెబుతారు. ఆమెను చూస్తే నాకు సిగ్గు వేస్తుంది."

అమ్మా, మీకు, మీ ఇంటివారందరికీ ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు. మీరు అడిగిన ప్రశ్నలన్నిటిలోకి ముందుగా మీ భయం గురించి వ్రాస్తాను. ఎందుకంటే మిమ్మల్ని వాక్యానికి దూరంగా ఉంచుతున్నది తీరిక లేకపోవడం కన్న ఆ భయమేనని మీ ఉత్తరం చదివినవారెవరికైనా అర్థమవుతుంది. రోజుకు మూడు అధ్యాయాలు చదవమని లేఖనాలలో ఎక్కడా ఆజ్ఞ లేదు. అసలు అధ్యాయాలే లేఖనాలు వ్రాయబడిననాటివి కావు. ఇప్పుడు మనం వాడే అధ్యాయ విభజన 13వ శతాబ్దంలో ఇంగ్లండుకు చెందిన స్టీఫెన్ లాంగ్టన్ అనే బిషపు చేసినదని చెబుతారు. క్రొత్త నిబంధనలోని వచనాల సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్తియెన్ అనే ఫ్రెంచి ముద్రాపకుడు వేసినవి. చూసుకోవడానికి, వెతుక్కోవడానికి మనుషులు ఏర్పరచిన గుర్తులు అవి. ఆ గుర్తులను లెక్కపెట్టి, ఆ లెక్క తప్పిందని దేవుడు మిమ్మల్ని గుమ్మం బయట నిలబెట్టాడని అనుకోవద్దు. మీరు చేసుకొన్నది తీర్మానం, మంచి మనసుతో చేసుకొన్న తీర్మానం. అది నెరవేరలేదని ఆయనతోనే ప్రార్థనలో సూటిగా చెప్పండి. చెప్పిన తరువాత ఆ సంగతిని మరల మరల తవ్వుకోవద్దు.

పైగా మీరు ఆగిపోయిన చోటు ఎంతోమంది ఆగిపోయే చోటే. బైబిలులోని 66 పుస్తకాలలో మొత్తం 1,189 అధ్యాయాలు ఉన్నాయి. రోజుకు మూడు చొప్పున చదివినా ఏడాదిలో పూర్తి కావు, ఇంకా కొన్ని అధ్యాయాలు మిగులుతాయి కూడా. ఆదికాండములో 50, నిర్గమకాండములో 40, కలిపి 90 అధ్యాయాలు సరిగా జనవరి 30 నాటికి ముగుస్తాయి. మరునాడే లేవీయకాండము మొదలవుతుంది. యోసేపు కథ, ఎఱ్ఱసముద్రం, సీనాయి పర్వతం చదివి వచ్చిన మనసుకు ఒక్కసారిగా దహనబలి, నైవేద్యం, సమాధానబలి, పాపపరిహారార్థబలి, అపరాధ పరిహారార్థబలి వరుసగా ఏడు అధ్యాయాలు ఎదురవుతాయి. వాటిని వివరించేవారు పక్కన లేనప్పుడు, నిద్ర ముంచుకొస్తున్న రాత్రివేళ, ఎనిమిది అధ్యాయాల వేగంతో చదివితే ఎవరికైనా మీకు జరిగినదే జరుగుతుంది. కాబట్టి తప్పిపోయిన రోజులను పూడ్చే పని పూర్తిగా మానండి. ఒక రోజు తప్పితే మరునాడు ఆ రోజుది మాత్రమే చదవాలి. నిన్నటిది అప్పుగా ఈ రోజు నెత్తిన పెట్టుకోకూడదు.

ఇంత చెప్పినందువల్ల చదవకపోయినా ఫరవాలేదని నేను అంటున్నట్టు మీకు తోచకూడదు. ఆ మాట నేను ఎన్నటికీ అనను. ఇశ్రాయేలులో రాజైనవాడు సింహాసనం మీద కూర్చున్నప్పుడు ధర్మశాస్త్రానికి ఒక ప్రతిని తన కోసం వ్రాసుకొని, బ్రదుకు దినాలన్నిటా దానిని చదవాలని ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయం చెబుతుంది. యెహోషువకు "దివారాత్రము దాని ధ్యానించు" మని ఆజ్ఞ వచ్చింది. అది విశ్రాంతిగా కూర్చున్నప్పుడు వచ్చినది కాదు, యొర్దాను దాటి యుద్ధానికి వెళ్లబోతున్న సమయంలో, ఒక జనాంగమంతటి భారం అతని భుజాల మీద ఉన్నప్పుడు వచ్చినది. పని ఎక్కువగా ఉన్నవారికి వాక్యం నుంచి సెలవు దొరకలేదు. పని ఎక్కువైన కొద్దీ వారికి అది మరింత అవసరమని చెప్పబడింది. ప్రభువు అరణ్యంలో శోధింపబడినప్పుడు ఇచ్చిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండములోనివే, దాని 6, 8 అధ్యాయాలలోనివే. ఆ నలభై దినాల ఉపవాసంలో ఆయన చేతిలో ఏ గ్రంథపు చుట్టా ఉన్నట్టు సువార్తలు చెప్పవు. అంతకుముందే హృదయంలో నిలుపుకొన్న మాటలే ఆ గడియలో ఆయన నోట పలికాయి. మనకు కూడా అసలైన అవసరం వచ్చే వేళ పుస్తకం తెరిచే వ్యవధి ఉండదు. ఆసుపత్రి వరండాలో, అప్పులవాడు గుమ్మంలో నిలబడ్డప్పుడు, బిడ్డకు జ్వరం తగ్గని రాత్రి, అంతకుముందు లోపల చేరిన వాక్యమే పైకి వస్తుంది. అందుకే ఈ సమయం విలువైనదని నమ్ముతున్నాను, అందుకే మీరు దానిని వదులుకోకూడదని ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక వినడం చాలదా అన్న మీ ప్రశ్న. వినడాన్ని తక్కువ చేసి మాట్లాడే అధికారం నాకు లేదు. అచ్చు యంత్రం రాకముందు దేవుని ప్రజలలో అత్యధికులు వాక్యాన్ని చెవులతోనే అందుకొన్నారు. నెహెమ్యా 8వ అధ్యాయంలో నీటి గుమ్మం ఎదుటి మైదానంలో ఎజ్రా ఉదయం మొదలుకొని మధ్యాహ్నం వరకు ధర్మశాస్త్రం చదివితే పురుషులు, స్త్రీలు, గ్రహించగలిగిన వారందరూ నిలబడి విన్నారు, లేవీయులు దాని అర్థం చెప్పారు, జనులు ఏడ్చారు. ప్రకటన గ్రంథం ఆరంభంలో చదివేవానితో పాటు విని గైకొనేవారినీ ధన్యులని పిలవడం జరిగింది. కాబట్టి మీరు పని చేసుకొంటూ వినవచ్చు. అయితే అక్కడ వారు విన్నది లేఖనాన్నే. మీరు ఫోనులో వింటున్నది లేఖనం గురించి ఒకరు చెప్పే మాటలను. ఈ రెండూ ఒకటి కావు. ఒక గంట ప్రసంగంలో చదివే వచనాలు ఒక్కొక్కసారి రెండు మూడే ఉంటాయి. మిగిలినదంతా బోధకుని అనుభవం, ఉదాహరణ, హెచ్చరిక. అవి మంచివే కావచ్చు. కాని బెరయలోనివారు అపొస్తలుడైన పౌలు చెప్పిన మాటలు సైతం అలాగే ఉన్నాయో లేదో చూడడానికి ప్రతిదినం లేఖనాలు పరిశోధించారని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం వారిని మెచ్చుకొంటున్నది. పౌలును పరీక్షించడం ఘనతగా ఎంచబడినప్పుడు, ఫోనులో మాట్లాడే మనవంటివారి మాటలను పరీక్షించకుండా మింగడం క్షేమం కాదు. మీరు కూరగాయలు తరిగేటప్పుడు, పిండి తీసేటప్పుడు ప్రసంగం బదులు తెలుగు ఆడియో బైబిలు పెట్టుకోండి. మార్కు సువార్త పదహారు అధ్యాయాలూ చదివి వినిపించడానికి రెండు గంటలు కూడా పట్టదు. ఒక వారంలో మీ పని మధ్యనే అది రెండు సార్లు మీ చెవిన పడుతుంది.

వాగ్దాన వచనం విషయం ఇంకొంచెం వివరంగా వ్రాయాలి. డిసెంబరు 31 రాత్రి వాగ్దాన వచనం ఉన్న ఒక కార్డు తీసుకోవడం, ఉదయాన్నే ఫోనులో ఒక వచనం చూడడం మన సంఘాలలో పాత అలవాటు, వాటి వల్ల కష్టంలో ఉన్నవారికి ధైర్యం కలిగిన మాట నిజం. కాని ఆ ఒక్క వచనమే మన భోజనమంతా అయినప్పుడు నష్టం జరుగుతుంది. ఒక్క ఉదాహరణ చూడండి. అందరి గోడల మీదా కనిపించే వచనం యిర్మీయా 29:11. రాబోవు కాలమందు నిరీక్షణ కలిగేటట్టు దేవుడు మన విషయమై ఉద్దేశించినవి సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావని అది చెబుతుంది. కార్డు మీద చదివితే ఈ సంవత్సరమే ఉద్యోగం, ఇల్లు, వివాహం ఖాయమన్నట్టు వినిపిస్తుంది. పూర్తి అధ్యాయం తెరిస్తే అది యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టబడినవారికి యిర్మీయా పంపిన ఉత్తరం అని తెలుస్తుంది. దానికి ముందు అధ్యాయంలోనే హనన్యా అనే ప్రవక్త రెండు సంవత్సరాలలో అందరూ తిరిగి వస్తారని జనుల ఎదుట ప్రకటించాడు. యిర్మీయా మాత్రం 70 సంవత్సరాలు అని వ్రాశాడు. అంటే ఆ ఉత్తరం చేతికి అందుకొన్న పెద్దవారిలో చాలామంది తిరుగు ప్రయాణాన్ని కళ్లారా చూడరు. అటువంటివారికి దేవుడు ఇళ్లు కట్టుకొని కాపురం ఉండమని, తోటలు నాటి వాటి ఫలాలు తినమని, పిల్లలకు పెళ్లిళ్లు చేయమని, తాము చెరగా వెళ్లిన పట్టణం క్షేమాన్ని కోరి దాని కోసం ప్రార్థన చేయమని చెప్పి, ఆ తరువాత ఈ నిరీక్షణ మాట అన్నాడు.

పుట్టినూరు విడిచి, వేరే రాష్ట్రంలో, వేరే భాష బడికి పిల్లలను పంపుతూ కొట్టు పెట్టుకొని బ్రతుకుతున్న మీకు ఈ అధ్యాయంలో ఎంత ఉన్నదో చూశారా? మీ సంగతి చెర కాదు, నిజమే. పర్లాకిమిడి 1936లో ఒడిశాలో చేరినా వీధులలో, ఇళ్లలో తెలుగు నేటికీ నిలిచే ఉన్నది. పాతపట్నం పొలిమేర దాటితే వచ్చే ఊరే. అయినా మీరు బ్రతుకుతున్న పట్టణం క్షేమం కోసం, మీ కొట్టుకు వచ్చే ఒడియా, తెలుగు, సవర మనుషుల కోసం ప్రార్థించవలసిన బాధ్యత ఏడవ వచనంలో ఉన్నది. ఆ వచనం ఏ కార్డు మీదా నాకు కనిపించలేదు. కాబట్టి ఉదయం గ్రూపులో ఒక వచనం వచ్చినప్పుడు దానిని ఆమేన్ అని పంపి వదిలేయకుండా, ఆ రోజు చదివే వేళకు ఆ అధ్యాయం తీసి దాని ముందూ వెనుకా ఏమున్నదో చూడండి. వారానికి ఒక్కసారి అలా చేసినా మీకు వాక్యంలో మార్గం తెలుస్తుంది.

ఏ వేళ చదవాలన్నది మీ పరిస్థితిని బట్టి నిర్ణయించవలసిన సంగతి. ప్రభువు పెందలకడనే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థించాడని మార్కు మొదటి అధ్యాయంలో చదివి, తెల్లవారుజామునే చదవకపోతే అది భక్తి కాదని కొందరు బోధిస్తారు. నాలుగింటికి లేచి పొయ్యి ముట్టించే స్త్రీని మూడింటికి లేవమనడం నాకు న్యాయంగా తోచదు. 55వ కీర్తనలో సాయంకాలం, ఉదయం, మధ్యాహ్నం మొరపెట్టినవాడున్నాడు. 119వ కీర్తనలో రాత్రి జాములలో కన్నులు తెరచుకొని ధ్యానించినవాడున్నాడు. అలాగే ప్రభువును తన ఇంట చేర్చుకొని వంట పనిలో మునిగిపోయిన మార్త కథను ఎత్తి చూపి పని చేసే స్త్రీలను మందలించే ప్రసంగాలు కూడా నాకు సమ్మతం కావు. ప్రభువు ఆమె వంటను నిందించలేదు, అనేకమైన పనులను గూర్చి ఆమె పడుతున్న విచారాన్ని, తొందరను ఎత్తి చూపాడు. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే పది దాటిన తరువాత టిఫిను రద్దీ తగ్గి, గిన్నెలు కడిగాక, మధ్యాహ్నం వంట మొదలు పెట్టేలోపు కొంత వెసులుబాటు ఉన్నట్టుంది. ఆ వేళలో ఇరవై నిమిషాలు వాక్యానికి కేటాయించి, దానిని ప్రతిదినం కాపాడండి. కొట్టులో డబ్బులు ఇప్పుడు ఫోనులోకే వస్తాయి గనుక ఆ ఇరవై నిమిషాలు ఫోను మీ భర్తగారి దగ్గరే గల్లా పక్కన ఉండనివ్వండి. మీరు అచ్చు పుస్తకం, ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు తీసుకొని లోపలి గదిలో కూర్చోండి. ఈ జవాబును ఆయన చేత కూడా చదివించండి. భార్య వాక్యం దగ్గర కూర్చొనే వేళను కాపాడడం భర్త చేయగల మంచి పరిచర్య, ఆ తరువాత ఆయన వంతుకు మీరు గల్లా చూసుకోవచ్చు.

చదివే పద్ధతి కూడా చెబుతాను. ఒక చిన్న పుస్తకాన్ని ఎన్నుకొని, దానిని మొదటి నుంచి చివరి వరకు చదవాలి గాని అక్కడొకటి ఇక్కడొకటి తెరిచి చదవకూడదు. మీకు మార్కు సువార్త సరిపోతుంది. రోజుకు ఒక సంఘటన చాలు. కూర్చోగానే 119వ కీర్తన పద్దెనిమిదవ వచనంలో ఉన్నట్టు, "నా కన్నులు తెరువుము" అని అడగండి. ఆ భాగాన్ని పైకి వినబడేటట్టు నెమ్మదిగా చదవండి, మళ్లీ ఇంకొకసారి చదవండి. మాట్లాడుతున్నది ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నది గమనించండి. మిమ్మల్ని నిలిపివేసిన మాట ఏదైనా ఉంటే దానిని మీ సొంత మాటలలో ఒక్క వాక్యంగా నోటు పుస్తకంలో వ్రాయండి. అర్థం కానిది ఉంటే ప్రశ్నగా వ్రాసి పెట్టుకొని ఆదివారం మీ పాస్టరు గారిని అడగండి. చివరకు ఆ భాగంలోని మాటలతోనే క్లుప్తంగా ప్రార్థన చేయండి. ఆ మాట రోజంతా మీతో ఉండాలి. సరిగా నానని మినుములను ఎంత రుబ్బినా పిండి పొంగదని మీకు ఒకరు చెప్పనక్కరలేదు, రాత్రి ఎనిమిది అధ్యాయాలతో జరిగినది అదే. కొన్ని రోజులు చదివినా మనసులో ఏమీ కదలదు. ఆ రోజులను చూసి దిగులు పడవద్దు, లేవకుండా ఆ ఇరవై నిమిషాలూ అక్కడే కూర్చోండి. ఆ దినం చదివినది మరొక దినం జ్ఞాపకానికి వస్తుంది.

మార్కు సువార్తను ఇలా నెమ్మదిగా చదివితే మీరు భయపడి మూసివేసిన లేవీయకాండము మీకు తెలియకుండానే మరల తెరుచుకొంటుంది. మొదటి అధ్యాయంలోనే ఒక కుష్ఠరోగి వస్తాడు. లేవీయకాండము 13 ప్రకారం అటువంటివాడు బట్టలు చింపుకొని, "అపవిత్రుడను, అపవిత్రుడను" అని కేక వేస్తూ పాళెం వెలుపల ఒంటరిగా బ్రతకాలి. అతనిని ఎవరూ తాకరు. ఆ సంగతి తెలిసినవారికే ప్రభువు చెయ్యి చాపి అతనిని ముట్టడం ఎంత పెద్ద సంగతో అర్థమవుతుంది. బాగుపరచిన తరువాత, యాజకునికి కనబడి మోషే నియమించిన కానుకలు అర్పించమన్నాడు. ఆ కానుకలు ఏవో లేవీయకాండము 14లో ఉన్నాయి. అయిదవ అధ్యాయంలో పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడి, ఎందరో వైద్యుల చేతిలో ఎన్నో తిప్పలు పడి, ఉన్నదంతా ఖర్చు చేసుకొన్న స్త్రీ ఉన్నది. ఆమె గుంపులో వెనుక నుంచి, ఎవరికీ తెలియకుండా వస్త్రం ముట్టడం ఎందుకు? లేవీయకాండము 15 చివర చదవండి. ఆమె పండుకొన్న పడక, కూర్చున్న చోటు అపవిత్రం, వాటిని తాకినవారు బట్టలు ఉతుక్కొని స్నానం చేసి సాయంకాలం వరకు అపవిత్రులుగా ఉండాలి. పన్నెండేళ్లు మనుషుల స్పర్శకు దూరమైన ఆ తల్లిని ప్రభువు అందరి ఎదుట "కుమారీ" అని పిలిచాడు. లేవీయకాండము తెలియకుండా ఈ కథ చదివితే స్వస్థత ఒక్కటే కనిపిస్తుంది, తెలిసి చదివితే ఆ పిలుపు వినిపిస్తుంది.

ఇంకా వ్రాయాలని ఉన్నది. కానుపు తరువాత గొఱ్ఱెపిల్లను తేలేని పేద తల్లి రెండు గువ్వలనో రెండు పావురపు పిల్లలనో తేవచ్చని లేవీయకాండము 12 చెబుతుంది. లూకా 2లో మరియ యోసేపులు బాల యేసును దేవాలయానికి తెచ్చినప్పుడు చెప్పబడినది ఆ పేదల అర్పణే. ప్రభువు ఎటువంటి ఇంట్లో పెరిగాడో ఆ ఒక్క పోలికతో తెలిసిపోతుంది. మార్కు 12లో ప్రధానమైన ఆజ్ఞల గురించి అడిగిన శాస్త్రికి ఆయన చెప్పిన రెండవది, నిన్ను వలె నీ పొరుగువానిని ప్రేమించు అన్నది, లేవీయకాండము 19లోనిది. అదే అధ్యాయంలో కూలివాని కూలి మరునాటి వరకు నీ దగ్గర ఉంచుకోకూడదని, త్రాసులు, తూకపు రాళ్లు న్యాయమైనవిగా ఉండాలని కూడా ఉన్నది. మీ కొట్టులో గిన్నెలు కడిగే మనిషి ఉంటే ఆ వచనం మీ ఇంటి వాక్యమే. అందువల్ల లేవీయకాండమును మొదటి నుంచి కాకుండా 19తో ఆరంభించి, తరువాత ప్రాయశ్చిత్త దినాన్ని వివరించే 16వ అధ్యాయాన్ని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 9, 10 అధ్యాయాలతో కలిపి చదవండి. బలుల గురించిన మొదటి ఏడు అధ్యాయాలు అప్పుడు బరువుగా అనిపించవు. దీనికి నెల పట్టినా, మూడు నెలలు పట్టినా తొందర లేదు.

ఇప్పుడు పిల్లల సంగతి. పౌలు శిష్యుడైన తిమోతి పెరిగిన లుస్త్ర పట్టణం గురించి ఎప్పుడైనా ఆలోచించారా? అక్కడి జనులు లుకయోనియ భాషలో కేకలు వేశారని అపొస్తలుల కార్యములు 14 చెబుతుంది. అతని తండ్రి గ్రీసు దేశస్థుడు, తల్లి యూదురాలు. వీధిలో ఒక భాష, తండ్రి వైపు ఇంకొక భాష, తల్లి వైపు లేఖనాలు. అటువంటి ఇంట్లో అవ్వ లోయిలో ఉన్న విశ్వాసం తల్లి యునీకేలోకి, ఆమె నుంచి బిడ్డలోకి వచ్చింది. బాల్యం నుంచే పరిశుద్ధ లేఖనాలు ఎరిగినవాడని పౌలు అతని గురించి వ్రాశాడు. భాషలు కలగలిసిన ఊరు దేవుని వాక్యానికి ఎన్నడూ అడ్డు కాలేదు. కాబట్టి పిల్లలకు ముందు తెలుగు అక్షరాలు రావాలి, ఆ తరువాతే బైబిలు అనే షరతు పెట్టవద్దు. పెద్దబిడ్డ చేతికి ఒక ఒడియా బైబిలు ఇవ్వండి. రాత్రి కుటుంబ ప్రార్థనలో మీరు పగలు చదివిన భాగాన్నే తెలుగులో చదవండి, ఆ బిడ్డను అదే భాగం ఒడియాలో చదవమనండి. ఏమి జరిగిందో చిన్నబిడ్డను కథగా తిరిగి చెప్పమనండి. ఏ భాషలో చెప్పినా సరే. తుపాను నిమ్మళింపజేసిన కథ, మార్కు 4 చివరిది, మొదటి రాత్రికి బాగుంటుంది. ఇంట్లో తెలుగు వినబడుతూ ఉంటే అక్షరాలు సెలవులలో నేర్పుకోవచ్చు, వాటి కోసం వాక్యాన్ని ఆపవద్దు.

ఈ రెండు పుస్తకాలూ ఒకే బల్ల మీద ఉండడం నాకు చాలా సంతోషం కలిగించే సంగతి. ఒడియా, తెలుగు లేఖనాలు రెండూ తొలినాళ్లలో బెంగాలులోని శ్రీరాంపూరు అచ్చుకూటం నుంచే వచ్చాయి. విశాఖపట్నంలో జార్జి క్రాన్, అగస్టస్ దె గ్రాంజ్ అనే మిషనరీలు ఆనందరాయర్ అనే తెలుగు విశ్వాసి సహాయంతో అనువదించిన సువార్తలలో మత్తయి, మార్కు, లూకా 1812లో అక్కడ అచ్చయ్యాయి. అప్పటికి క్రాన్ 1809లోనే, దె గ్రాంజ్ 1810లోనే కన్నుమూశారు. తాము శ్రమపడిన పుటలను అచ్చులో చూడకుండానే వారు వెళ్లిపోయారు. మీ చేతిలోని మార్కు సువార్త మీదాకా ఎలా వచ్చిందో పిల్లలకు ఒక రాత్రి చెప్పండి.

మీ అత్తగారిని చూసి సిగ్గుపడుతున్నానని వ్రాశారు. అమ్మా, ఆమె మీ ఇంట్లో ఉన్న గొప్ప సహాయం. వెనుకటి తరంలో బైబిలు స్త్రీలు పల్లెపల్లెకూ నడిచి వెళ్లి చదువు రానివారి చేత వచనాలు, పాటలు పలికించేవారు. ఆ విధంగా నేర్చుకొన్న ముసలివారు మన సంఘాలలో ఇంకా కొందరు ఉన్నారు. మీ అత్తగారు కూడా అలాగే నేర్చుకొన్నారేమో అడిగి తెలుసుకోండి. నీ వాక్యాన్ని నా హృదయంలో ఉంచుకొన్నానని 119వ కీర్తన అంటున్నది ఆమె వంటివారి గురించే. ఆమె ఏ కీర్తన చెబితే ఆ పుట మీరు తీసి, ఆమె చెప్పేది పుస్తకంతో కలిపి చూస్తూ వినండి. ఎక్కడైనా మాట తప్పితే నెమ్మదిగా అందించండి. పిల్లలు ఆమె వెంట ఒక్కొక్క వచనం పలకాలి. చిన్నబిడ్డకు 117వ కీర్తనతో మొదలు పెట్టండి. అందులో రెండే వచనాలు, సమస్త జనాలను పిలిచే స్తుతి అది. అది వచ్చాక 121, తరువాత 23. ఆమె మతిలో ఉన్న కీర్తనలన్నిటి సంఖ్యలూ ఈ నెలలోనే మీ నోటు పుస్తకం వెనుక పుటలో వ్రాసుకోండి. మార్కు సువార్త ముగిసిన తరువాత మీరు, పిల్లలు ఆమెతో కలిసి చదవవలసినవి ఆ కీర్తనలే.